కొంగ నూలుకు ఫీజు

ఫీజు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మనవడి బడి ఫీజు కావచ్చు, డాక్టరు ఫీజు కావచ్చు, ఏదైనా సరే. ఇంట్లోవాళ్ళు ముసలిదానికి చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. ఆ ఒక్క మాట పట్టుకొని మా వీధి మా నాయనను ఎన్నేళ్ళు ఏడిపించిందో వాళ్ళకేం తెలుసు.

మాది పుత్తూరు దగ్గర సాలెవాళ్ళ ఊరు. వీధి పొడవునా ఇంటికొక మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించి కూర్చొని నేసే గుంట మగ్గం మాది. నాయన నేసేది జపాను సిల్కు చీరలు. పట్టులాగే మెరుస్తాయి, పట్టు ధర మాత్రం ఉండదు. తిరుపతి కొండకు వచ్చే యాత్రికుల్లో పట్టుచీర కొనలేని ఆడవాళ్ళు వాటిని ముచ్చటపడి కొనుక్కొని పోయేవాళ్ళు. ఆ నూలు జపాను నుంచి ఓడలో మద్రాసుకు, మద్రాసు నుంచి తిరుపతిలో షావుకారు అంగడికి, అక్కడి నుంచి ఎద్దులబండి మీద మా ఇంటికి వచ్చేది. నేసిన చీరలు అదే బండిలో తిరిగి షావుకారు దగ్గరికి వెళ్ళేవి. నూలు కట్టల మీద అంటించిన కాగితంలో ఒంటికాలి మీద నిలబడిన కొంగ బొమ్మ ఉండేది. అందుకే అది మాకు కొంగ నూలు. ఆ కాగితం చినగకుండా ఊడదీసి గోడకు అంటించుకోవడం నా పని.

నాయన సముద్రం చూడలేదు. మద్రాసు కూడా చూడలేదు. అయినా జపాను గురించి పక్క ఊళ్ళో మేనత్త కొడుకు గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. నూలు బాగుంటే "మా బావ బాగా పంపించినాడు" అనేవాడు. ఎప్పుడైనా పోగు ముడులు ముడులుగా వస్తే అమ్మ ఊరుకునేది కాదు.

"ఏం, ఈ తూరి మీ బావ నిద్రబోతా వడికినాడా?" అనేది.

"మా బావనేమన్నా అన్నావంటే బాగుండదు మే," అని నాయన నవ్వేవాడు.

మగ్గం సంగతి ఒకటి చెప్పాలి. నిలువు పోగులు దువ్వెనలాంటి అచ్చులోంచి దూరి వస్తాయి. నేత అయిపోయినా ఆ పోగులను పూర్తిగా కోసేయరు. జానెడు వదిలిపెడతారు. కొత్త పోగులు వచ్చినప్పుడు ఒక్కొక్క దాన్నీ ఈ పాత కొసకు చేర్చి, వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. ఆ వదిలిపెట్టిన జానెడు పోగులను మా ఇంట్లో తోక అనేవాళ్ళం. అతకడం నాయన పని. వేళ్ళకు బూడిద అద్దుకొని కూర్చుంటే, కళ్ళు మా మీద ఉండేవి, నోరు కథ చెప్తూ ఉండేది, వేళ్ళు మాత్రం వాటంతట అవే పోగును వెతికి పట్టుకొని మెలిపెట్టేవి. ఆ వేళ్ళంటే నాకు మహా గర్వం. తోక లేకపోతే మళ్ళీ మొదటినుంచి ప్రతి పోగునూ అచ్చులోకి ఎక్కించాలి, అదొక పెద్ద చాకిరీ. అది అలా ఉంచితే, తోక కోసేశాడంటే ఆ ఇంటాయన నేత మానేశాడని వీధికంతా అర్థం. మా వీధిలో ఎవరూ ఆ మాట నోటితో చెప్పరు. తోక కోసి ఊరుకుంటారు.

నూలు ధర పెరిగినప్పుడల్లా షావుకారు ఒకే మాట చెప్పి పంపేవాడు, తెల్లవాళ్ళకూ జపానువాళ్ళకూ పడలేదు, సుంకం పెంచారు అని. జపాను బట్ట చవగ్గా వచ్చిపడితే తెల్లవాళ్ళ మిల్లుబట్ట అమ్ముడుపోదు కాబట్టి వీళ్ళు సుంకం పెంచడం, అది చూసి వాళ్ళు మన పత్తి కొనేది లేదని భీష్మించడం, ఇదంతా నేను పెద్దయ్యాక తెలుసుకున్నాను. నాయనకు తెలిసిన సుంకం సంత సుంకం ఒక్కటే. సంత వాకిట్లో ఒకడు కూర్చొని ఉంటాడు, వాడి చేతిలో పెడితే లోపలికి పోనిస్తాడు. దేశాల సుంకం కూడా అంతేనని, మద్రాసు సముద్రం ఒడ్డున ఎవరో ఒకడు కుర్చీ వేసుకొని కూర్చున్నాడని నాయన నమ్మకం.

తెల్లవాళ్ళ సీమలో యుద్ధం మొదలై కొంత కాలమైంది. జపాను ఇంకా అందులోకి దిగలేదు. ఆ ఏడాది వానల్లో మా ఇంటికి బండి ఖాళీగా వచ్చింది. చేతిలో ఉన్న నూలు అంతకు ముందే అయిపోయింది, మగ్గం మీద తోక మాత్రం మిగిలింది. నాయన వీధిలోకి ఎదురు వెళ్ళాడు.

"నూలు లేదప్పా," అన్నాడు బండాయన, దిగకుండానే. "జపానోళ్ళ సరుకంతా ఫీజు చేసినారంట."

"ఫీజా?" నాయన ముఖం తేటపడింది. "అంతే గదా. కట్టేస్తే పోలా?"

అమ్మకు నచ్చలేదు. ఇన్నాళ్ళూ షావుకారు చూసుకున్న పనికి మనమెందుకు పోవాలి అంది. నాయన వినలేదు. షావుకారు చేతగాక ఊరుకున్నాడనీ, తనే వెళ్ళి కట్టొస్తే వీధి మొత్తానికీ నూలు వస్తుందనీ అన్నాడు. పాలిచ్చే మేకను సంతకు తోలుకుపోయి అమ్మేశాడు. ఆ పాలు మా చంటి తమ్ముడివి. తనకు చదువు రాదు కాబట్టి ఊరి పేర్లు, గదుల మీది పలకలు చదవడానికి పనికొస్తానని నన్ను వెంట పెట్టుకొని బయలుదేరాడు.

ముందు తిరుపతిలో దిగి షావుకారు అంగడికి వెళ్ళాం. షావుకారు మద్రాసులో ఉన్నాడు. గుమాస్తా ఒక్కడే ఖాళీ అరల ముందు కూర్చొని ఈగలు తోలుకుంటున్నాడు.

"నూలుకు ఫీజంట గదా అబ్బా?" అని అడిగాడు నాయన.

"ఆఁ, ఫ్రీజే. ఏం జేస్తాం," అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండా.

ఇక నాయనకు అనుమానమే లేకపోయింది. చిత్తూరు రైలెక్కాం. జిల్లాకు పెద్ద ఊరు, కచేరీలూ కోర్టులూ అన్నీ అక్కడే కాబట్టి ఎలాంటి ఫీజైనా అక్కడే కట్టించుకుంటారని నాయన లెక్క.

చిత్తూరులో కచేరీలన్నీ తిరిగాం. పైపంచె సర్దుకొని, చెప్పులు చేతబట్టుకొని, ప్రతి కిటికీ ముందూ వంగి నిలబడి నాయన ఒకటే అడిగాడు. "సామీ, జపాను నూలు ఫీజు యాడ కట్టాల?" ఒకాయన స్టాంపులు అమ్మేచోటికి పొమ్మన్నాడు. స్టాంపులాయన ఏ కేసు అని అడిగాడు. కేసు లేదు సామీ, నూలు అన్నాడు నాయన. ఇంకొకాయన పక్కాయనను పిలిచి, మళ్ళీ చెప్పమని, చెప్పించుకొని నవ్వుకున్నాడు. నాయనకు ఆ నవ్వు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పదకొండేళ్ళ పిల్లకు అలాంటివి పెద్దవాళ్ళకంటే ముందే తెలుస్తాయి.

చివరకు కోర్టు వరండాలో అర్జీలు రాసిపెట్టే ఒక ముసలాయన పిలిచి కూర్చోబెట్టుకున్నాడు.

"ఫీజు గాదప్పా, ఫ్రీజు. ఇంగిలీసు మాట. గడ్డకట్టించడమని అర్థం."

"గడ్డకట్టడమంటే, నెయ్యి గడ్డకట్టినట్టా సామీ?"

"అట్లే అనుకో. తెల్లోళ్ళూ అమెరికావోళ్ళూ ఒకటై జపానోడి దుడ్లూ సరుకూ యాడివి ఆడనే గడ్డకట్టించేసినారు. ఈడనుంచి వాడికేం పోగూడదు, ఆడనుంచి మనకేం రాగూడదు."

నాయన వరండా బయట ఎండలోకి చూశాడు.

"అయితే రొంత ఎండ తగిలితే కరుగుతాది గదా?" అని అడిగాడు.

వరండా అంతా గొల్లుమంది. అర్జీలాయన ఒక్కడే నవ్వలేదు. "ఈ ఎండకు కరగదప్పా" అని కలం తీసి మళ్ళీ రాతలో పడిపోయాడు. అందరూ నవ్వడం ఆపాక నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను స్తంభం చాటుకు వెళ్ళి ఏడ్చాను. తర్వాత నాకు మురుకులు కొనిపెట్టి, తను మంచినీళ్ళు తాగి, స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాడు.

దాచుకోవడం తెలియని మనిషి. ఇంటికి రాగానే జరిగిందంతా అమ్మకు చెప్పాడు, వాకిట్లో కూర్చొని మరీ చెప్పాడు. తెల్లారేసరికి వీధంతా పాకింది. అప్పటి నుంచి నాయన పేరు ఫీజాయన. "ఏం మామా, ఎండ తగిలిందా?" అని కుర్రాళ్ళు అడిగేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా మగ్గాలు ఆగిపోయాయి, వాళ్ళ పొయ్యిలూ సగం పూట చల్లగానే ఉన్నాయి. అయినా నవ్వేవాళ్ళు. నవ్వడానికి మనిషి దొరికాడు కదా.

చలికాలానికి జపాను యుద్ధంలోకి దిగింది. ఆ వెనుక వచ్చిన ఎండాకాలంలో మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటలు నెత్తిన పెట్టుకొని మా వైపు వచ్చిపడ్డారు. నాయన బావ అని పిలుచుకున్నవాడికి భయపడి వచ్చినవాళ్ళు మా వీధిలో గదులు వెతుక్కున్నారు. మగ్గం తీసేసి గుంట పూడిస్తే ఆ గది అద్దెకు ఇవ్వచ్చని అమ్మ అంది. నాయన ఒప్పుకోలేదు. వీధిలో ఒక్కొక్క ఇంట్లో తోకలు కోసేస్తున్నారు. మిల్లుల్లో తయారయ్యే పత్తినూలు సిపాయిల బట్టలకే చాలడం లేదు, దాంతో నేద్దామన్నా దొరకదు. నాయన మాత్రం మగ్గం మీద పాత పంచె కప్పి, తోకకు దుమ్ము పట్టకుండా చూసుకుంటూ వచ్చాడు.

"గడ్డకట్టింది ఎప్పుడో ఒగప్పుడు కరగాల్సిందే మే," అనేవాడు అమ్మతో. అమ్మ అప్పటికి వేళాకోళం మానేసింది.

మాకు తిండి ఎలా? తిరుపతి కొండ మీదికి బండ్లు పోయే దారి వేస్తున్నారు. నాయన అక్కడ రాళ్ళు కొట్టే కూలికి చేరాడు. దారి పని అయిపోయాక రాళ్ళ క్వారీలో చేరాడు. సెలవు దొరికినప్పుడు వచ్చేవాడు. కాళ్ళు కడుక్కొని ముందు మగ్గం దగ్గరికే వెళ్ళేవాడు. పంచె ఎత్తి, తోకను చూసి, మళ్ళీ కప్పి, ఆ తర్వాతే సంగటి ముద్ద ముందు కూర్చునేవాడు. ఆయన ముద్ద కలుపుతుంటే అరచేయి కంచానికి రాసుకొని గరగరమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు నాకు అసహ్యంగా ఉండేది. నాయన మీద కాదు, ఆ చప్పుడు మీద. ఎందుకో అప్పుడు తెలియలేదు.

యుద్ధం ముగిసింది. స్వరాజ్యం వచ్చింది. నాకు పెళ్ళై చిత్తూరు వైపు వెళ్ళిపోయాను. ఓడిపోయిన జపానుతో మళ్ళీ బేరాలు మొదలయ్యాయని ఎవరెవరో అనుకోవడం వినేదాన్ని. నేను పుట్టింటికి వచ్చి ఉన్న ఒక ఉదయం, తిరుపతి నుంచి బండి వచ్చి మా వాకిట్లో ఆగింది. షావుకారు చనిపోయాడు, ఆయన కొడుకు నూలు పంపించాడు. పాత నమ్మకస్తుడని ముందుగా మా నాయనకే పంపించాడు. కట్టల మీద కొంగ బొమ్మ కొంచెం మారింది కానీ ఒంటికాలి మీదే నిలబడి ఉంది.

నాయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకున్నాడు. నిలువు పోగులు సాగదీసి పడుగు సిద్ధం చేయించుకున్నాడు. వీధిలో మళ్ళీ నేసేది తనొక్కడేనని చెప్పకుండానే అందరికీ తెలిసేలా తలుపులు బార్లా తెరిచాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం చూసి నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది.

గుంటలోకి దిగి కూర్చున్నాడు. వేళ్ళకు బూడిద అద్దుకున్నాడు. తోకలోంచి ఒక పోగు పట్టుకోబోయాడు, వేళ్ళ మధ్యకు అది రాలేదు. మళ్ళీ పట్టుకున్నాడు. ఒకటి కావాల్సినచోట నాలుగు పోగులు కలిసి వచ్చాయి. విడదీయబోతే, రాళ్ళు కొట్టి పగుళ్ళు తేలిన చర్మానికి సిల్కు పోగు తగులుకొని తెగింది. ఇంకోటి. అదీ తెగింది. ఇప్పుడు కళ్ళు మా మీద లేవు, కథ చెప్పడం లేదు. కళ్ళు చికిలించుకొని వేళ్ళనే చూసుకుంటున్నాడు.

"నేను అతుకుతా నాయనా," అన్నాను.

"అతికేది నువ్వు అతుకుతావు. నేసేది యెవురు? నేసేటప్పుడు తెగే పోగు ముడెయ్యొద్దా?" అన్నాడు. ఇంకోసారి ప్రయత్నించి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "వేలికి పోగు తెలీలేదమ్మీ."

వాకిట్లో చూడటానికి వచ్చి నిలబడినవాళ్ళలో ఒక్కరూ ఎండ సంగతి ఎత్తలేదు. నాయన అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నేను జెప్పింది నిజమే గదా," అన్నాడు. "ఫీజే అది. కట్టేసినాం."

నన్ను కత్తి తెమ్మన్నాడు. నేను కదల్లేదు. తనే గుంటలోంచి పైకి లేచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి కత్తి తెచ్చుకొని, తోకను కోసేశాడు.