పన్నెండు బారల వల

1986 ఆగస్టులో ఒక ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ధవళేశ్వరం నుంచి వచ్చిన మా ఇంజను పడవ ఏటిగట్టు మీది రైస్ మిల్లు దగ్గర ఆగింది. వాన తగ్గింది. గోదావరి తగ్గలేదు. ఎడమ పక్క నది. కుడి పక్క మునిగిన వరిచేలు. మధ్యలో గట్టు. గట్టును ఆనుకుని మిల్లు గోదాము. అదే మా పోస్టు.

నేను సైన్యంలో నర్సు కెప్టెన్ని. వయసు ముప్పై ఆరు, సర్వీసు పదమూడేళ్ళు. నాతో ముగ్గురు: శ్రీకాకుళం వైపు హవల్దారు, వైర్‌లెస్ ఆపరేటరు, నర్సింగ్ ఆర్డర్లీ. మా మేజరుగారు, ఆయనే డాక్టరు, ధవళేశ్వరంలో ఉండి రేడియోలో ఆదేశాలిచ్చేవారు. ఆదేశం చిన్నది. లంకల నుంచి తెచ్చిన రోగులను వరద తీసేదాకా ఆ గోదాములో కనిపెట్టుకుని ఉండాలి. సామాను: రెండు స్ట్రెచర్లు, రెండు మందుల పెట్టెలు, ఆరు టార్పాలిన్లు, ఒక స్టవ్వు, రేడియో సెట్టు. మంచాలు లేవు.

గోదాము తలుపు తీస్తే నేలంతా చీలమండ లోతు బురదనీరు. తడిసిన ధాన్యం పుల్లటి వాసన. బస్తాలు లోపల్లోపలే ఉడుకుతున్నాయి. పట్టుకుంటే చెయ్యి కాలింది. వాటి సందుల్లో పాములు చేరాయి. మా కళ్ళముందే రెండు కనిపించాయి. రోగులు పదకొండు మంది. వాళ్ళను ఆ బస్తాల మీద పడుకోబెట్టే ప్రశ్న లేదు.

అందరిలోకీ నాకు ఎక్కువ భయం వేసింది నూకరత్నాన్ని చూసి. ఏటిలో చేపలు పట్టే సత్తెయ్య కూతురు. ఎనిమిదో నెల దాటింది. ఒక పగలంతా ఇంటి కప్పు మీద వానలో కూర్చుంది. నూట మూడు జ్వరం, కుడి ఊపిరితిత్తికి నెమ్ము. ఆమెను పొడిగా, వెచ్చగా, కదలకుండా ఉంచగలిగితే ఇద్దరూ బతుకుతారు. నదిలో కొట్టుకొస్తున్న చెట్ల మధ్య మూడు గంటలు పడవలో పంపితే ఆ మాట చెప్పలేను.

"దూలాలున్నాయి కదా మేడమ్, వలలు వేలాడదీసి ఉయ్యాలలు కడదాం," అన్నాడు హవల్దారు. అడవుల్లో పనిచేసిన మనిషి. "గోనె సంచులు కోసేస్తే సరి."

గోనె నీరు తాగితే రోజుల తరబడి ఆరదు. వద్దన్నాను. మిల్లులో ఒక నైలాన్ వల ఉంది. దాని దారం సన్నం. ఒళ్ళు బరువుకు చర్మంలోకి దిగుతుంది. తడిస్తే ముడి జారుతుంది. అదీ వద్దన్నాను. ఈ సంగతులు నాకు సైన్యం నేర్పలేదు. నరసాపురంలో మా నాన్నగారిది తాళ్ళ కొట్టు. పదహారేళ్ళ వయసు దాకా నేను ఆ కొట్లోనే పెరిగాను.

కూతుర్ని తెచ్చిన సత్తెయ్య పడవలో ముదురు గోధుమరంగు వల ఒకటి మడతపెట్టి ఉంది.

"అది నూలు వలేనా, సత్తెయ్యగారూ?"

"ఆయ్, నూలేనండి. మా ఆవిడ బతికుండగా అల్లిందండి. ఏడాదికి రెండుమాట్లు తుమ్మచెక్క కషాయంలో ఉడకేస్తానండి. అందుకే కుళ్ళలేదు."

"కొయ్యాలండి."

ఆయన నది వైపు చూశాడు. తరవాత కూతురి వైపు చూశాడు. "ఎన్ని బారలండి?"

"ఎంతుంది?"

"పన్నెండు."

పన్నెండు బారలంటే డెబ్భై రెండడుగులు. మనిషికి ఏడడుగుల చొప్పున పది ముక్కలు, రెండడుగులు మిగులు. పదకొండోవాడికి వెన్నెముక దెబ్బ. అలాంటివాళ్ళను వలలో వేయకూడదు, నడుము వంగుతుంది. అతన్ని స్ట్రెచరు మీద, మిల్లు బల్ల ఎక్కించాం. లెక్క సరిపోయింది. సత్తెయ్య తన కత్తితో తనే కోశాడు.

మిల్లులో దొరికిన తాడు కొబ్బరి పీచుది, బొటనవేలి లావు. ప్రతి తాడునూ గుప్పిట్లో బిగించి ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగాను. పీచు రాలినచోట తెంపి పారేశాను. దూలాలను సుత్తితో కొట్టి విన్నాం. ఒకటి డొల్లగా పలికింది. లోపల చెద. దాని జోలికి పోలేదు. తాడు దూలం అంచుకు ఒరుసుకోకుండా గోనె ముక్కలు చుట్టాం.

హవల్దారు మొదటి వలను వీణ తీగలా బిగించాడు.

"ఏంటది?"

"మంచంలా తిన్నగా ఉండద్దా మేడమ్?"

"తిన్నగా బిగిస్తే తాడు మీద బరువు నాలుగింతలవుతుంది. పైగా పక్కకి తిరగ్గానే మనిషిని బోర్లా పడేస్తుంది. మధ్యలో బాగా దిగనివ్వు. అందులో ఏటవాలుగా పడుకుంటే నడుము తిన్నగానే ఉంటుంది."

ఎత్తు మోకాలి దాకానే. పడినా ఆ పాటి నుంచే పడాలి. ముళ్ళు వేసే పని సత్తెయ్యకు ఇచ్చాను. ఆయన వేళ్ళు మా అందరికన్నా చురుకు. కట్టిన ప్రతి వలలో రెండు ధాన్యం బస్తాలు వేసి గంటసేపు వదిలాం. పడుకునే మనిషికి రెట్టింపు బరువు మోయని తాడును నమ్మకూడదు. పదీ మోశాయి. నూకరత్నానికి తలవైపు కొంచెం ఎత్తుగా కట్టించి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను. మేజరుగారికి రేడియోలో చెప్పినప్పుడు నా గొంతులో కాస్త గర్వం పలికింది.

సోమవారం ఉదయం పది గంటలకు నూకరత్నం వల పడిపోయింది.

తాడు తెగలేదు. దూలం విరగలేదు. పేరమ్మ అని ఒక ముసలామె, కొడుక్కి తోడుగా వచ్చింది. తడి చీర ఆరేసుకోవడానికి చోటు వెతుక్కుంటూ, వేలాడుతున్న తాడు కొసను పట్టుకుని లాగింది. ముడి నీళ్ళలా విడిపోయింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి భుజం అందుకున్నాను. నడుము బురదలో ఆనింది. కడుపు మీద గొట్టం పెట్టి విన్నాను. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది.

"చెప్పాలా మేడమ్?" అన్నాడు ఆపరేటరు, సెట్టు చేతిలో పట్టుకుని. "ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా."

"పడింది. చెప్పాలి."

మేజరుగారు ఇంగ్లీషులో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను: "ఇంకొక్కరు పడితే పదీ దించేయండి. అందరినీ పడవలో ధవళేశ్వరం పంపండి. ఓవర్."

అందరినీ అంటే నూకరత్నాన్ని కూడా.

సత్తెయ్య కూతురి కాళ్ళ దగ్గర నీళ్ళలో కూర్చున్నాడు. ముడిని చేతిలోకి తీసుకుని చూశాను. నరసాపురం రేవులో చిన్నప్పుడు చూసిన ముడే.

"ఇది పడవ ముడి కదండీ?"

"ఆయ్. నాకు చేతికొచ్చింది అదేనండి. వరదలో పడవ కట్టినోడు ఒక్క లాగుకి విప్పుకోవాలండి. విప్పలేనోడు పడవతోపాటే పోతాడు."

"ఇక్కడున్నది పడవ కాదు, మీ అమ్మాయి."

"గట్టు తెగితే ఇదీ పడవేనండి."

"గట్టు తెగదు," అన్నాడు హవల్దారు. "నిన్ననే ఇంజినీర్లు చూసి వెళ్ళారు."

"ఏటికి కూడా చెప్పెళ్ళారా బాబూ ఆ సంగతి?" అన్నాడు సత్తెయ్య. ఆ స్థితిలోనూ ఇద్దరు రోగులు నవ్వారు.

మేం బస్తాలతో పరీక్ష పెట్టాం. బస్తాలు తాడు కొసను లాగవు. మా పరీక్షలోని లోపం అది. బరువు ఎంతైనా మోసే ముడి, ఒక ముసలామె రెండు వేళ్ళతో లాగితే విడిపోతుంది. ఇక తడిసి ఉబ్బిన పీచు తాడుకు మామూలు ముడి వేస్తే, అది కత్తితో తప్ప ఊడదని మా కొట్లో నేను ఎన్నోసార్లు చూశాను. ఆయన అన్నదీ నిజమే, నేను అన్నదీ నిజమే.

ఇద్దరం ఆ మధ్యాహ్నమంతా ఒక్క దూలం దగ్గరే గడిపాం. మా తాళ్ళ కొట్టు సంగతి ఆయనకు అప్పుడే చెప్పాను. చివరికి ఇలా కుదిరింది. తాడును దూలానికి మూడు చుట్లు చుట్టాలి. బరువంతా ఆ చుట్లే మోస్తాయి. వాటి పైన పడవ ముడి. ముడి కొసను కిందికి వదలకుండా దూలం మీదుగా పైకి తిప్పి, తల కంటే ఎత్తున దోపాలి. కొసకు ఎర్ర గుడ్డ పేలిక కట్టాలి. ఎర్ర గుడ్డను నేను చెబితే తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ప్రతి వల పక్కన గోడకు ఒక వెదురు గడ ఆనించి ఉంచాలి. ముడి విప్పగానే రెండు చివర్లలోంచి గడ దూర్చితే వల డోలీ అవుతుంది. పది వలలూ ఆ పద్ధతిలో తిరగకట్టాం. మళ్ళీ బస్తాలతో పరీక్ష పెట్టాం. ఈసారి నేనే కొసలు పట్టుకుని లాగి కూడా చూశాను. ఒక్క లాగుకే అన్నీ ఊడాయి, మళ్ళీ కట్టాం.

బట్టలకు వేరే దండెం కట్టించి, ఎర్ర గుడ్డలకు కాపలాగా పేరమ్మనే పెట్టాను. మంగళవారం మా హవల్దారు తన బెల్టు ఒక తాడుకు తగిలించబోయాడు.

"ఏంటయ్యా సోల్జరూ, దండెం అనుకున్నావా? తియ్, తియ్!"

"అమ్మా, నేను హవల్దారునమ్మా."

"అయితే ఏంటంట? నేను పేరమ్మని."

అతను బెల్టు తీసేశాడు.

ఆ రెండు రోజులూ రోజుకు రెండు పూటలా తాళ్ళన్నీ అరచేత్తో తడిమాను. రోగులను స్ట్రెచరు మీదికి మారుస్తూ, ఒక్కొక్క వలనే దించి, బురద కడిగి, గట్టు మీద గాలికి ఆరేయించాను. తడి వలను మడతపెడితే ఎంత కషాయం పట్టించినా కుళ్ళుతుంది. ఇప్పుడు మా వీధిలో పిల్లలు బజారు నుంచి రంగురంగుల వల ఉయ్యాలలు తెచ్చి, కాయలున్న కొబ్బరిచెట్లకు కట్టుకుని, వానలో వదిలేస్తున్నారు. పైకి చూడండి, కాయ పడుతుంది అంటే నవ్వుతారు. అందుకే ఇదంతా ఇంత విడమరిచి రాస్తున్నాను.

మంగళవారం సాయంత్రానికి నూకరత్నం జ్వరం నూట ఒకటికి దిగింది. బుధవారం ఉదయం జావ తాగింది.

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆపరేటరు బయటినుంచి పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, గట్టుకి బుంగ పడింది. మిల్లు వెనకాల. నీళ్ళు బుడబుడమని వస్తున్నాయి."

"పడవలు అడుగు."

రేడియోలో జవాబు వెంటనే వచ్చింది. "రెండు పడవలు మీకు ఎగువనే ఉన్నాయి. పావుగంటలో వస్తాయి. రోగులను తలుపు దగ్గర సిద్ధంగా ఉంచండి. ఓవర్."

పడవలు వచ్చేసరికి నీరు మోకాలికి వచ్చింది. వలల అడుగులను అందుకోబోతోంది. మూడు రోజుల తేమకు తాళ్ళు ఉబ్బి దూలాలను కరుచుకున్నాయి. మామూలు ముళ్ళే అయితే ఇరవై ముళ్ళనూ కత్తితో కోసుకుంటూ కూర్చోవాలి. మా దగ్గర కత్తులు రెండు.

క్రమం ముందే చెప్పాను. మొదట కింద చేతులు, తరవాత కొస. మనిషి బరువు మన చేతుల మీదికి వచ్చాకే ఎర్ర గుడ్డ లాగాలి. మొదటి వల నూకరత్నానిది. తలవైపు సత్తెయ్య, కాళ్ళవైపు హవల్దారు. అడుగున నేను, ఆర్డర్లీ. "లాగండి," అన్నాను. రెండు కొసలూ ఒక్కసారే ఊడాయి. గడ దూరింది. డోలీ లేచింది. ఆమె వీపు నీళ్ళకు తగల్లేదు.

పదీ అలాగే దిగాయి. వెన్నెముక దెబ్బ మనిషి స్ట్రెచరు మీదే పడవెక్కాడు. ఆఖరుకు పేరమ్మ ఎక్కింది, దండెం మీది చీర భుజాన వేసుకుని. మేం గట్టు వదిలిన కాసేపటికి గోదాము వెనక గోడ కూలింది.

"ఎంతమంది? ఓవర్."

"పదకొండు మంది రోగులు. పడినవాళ్ళు లేరు. ఓవర్."

 మేజరుగారు ఈసారి హిందీలో అన్నారు: "శభాష్, కెప్టెన్." ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

నూకరత్నం రాజమండ్రి ఆస్పత్రిలో నెలలు నిండాక ఆడపిల్లను కన్నది. నేను సికింద్రాబాదు తిరిగి వెళ్ళే రోజున సత్తెయ్య ధవళేశ్వరం రేవుకు వచ్చి, మిగిలిన రెండడుగుల వల ముక్క నా చేతిలో పెట్టాడు.

"ఇది మీదండి, సత్తెయ్యగారూ."

"కొట్టువారి అమ్మాయిగారు కదండీ. లెక్కలో మిగిలింది మీ దగ్గరుంటేనే బాగుంటుందండి."

అది ఇప్పటికీ మా ఇంట్లో పొడిగా ఉంది. ఏడాదికోసారి ఎండకు వేస్తాను.

రిటైరయ్యేదాకా చాలా పోస్టులు చూశాను. కళ్ళు మూసుకుంటే వచ్చేది ఒక్కటే. మోకాలి లోతు నీళ్ళలో సత్తెయ్య నిలబడి ఉంటాడు. ఎడమ చెయ్యి కూతురి భుజాల కింద ఉంటుంది. కుడిచేతిలో ఎర్ర గుడ్డ కొస. నది వైపు చూడడు. కూతురి వైపు చూడడు. నేను ఎప్పుడు లాగమంటానా అని నా మొహం వైపే చూస్తుంటాడు.

పోయినవి: స్టవ్వు ఒకటి. మందుల పెట్టె ఒకటి. టార్పాలిన్లు నాలుగు. హవల్దారు బెల్టు. మనుషులు ఎవరూ లేరు. కోసి ముక్కలు చేసిన సత్తెయ్య వల, పదకొండు బారల నాలుగు అడుగులు.