కడప మేస్త్రీ వంతు

గల్ఫ్‌లో మా ఇబ్రా సైట్ నుంచి ప్రతి గురువారం మా ఇంజనీరు మేడమ్‌ని ఘుబ్రాలోని ఇంట్లో దింపడం నా డ్యూటీ. ఆమెది సెర్బియా. వయసు అరవై దగ్గర పడింది, నోరు కాస్త దురుసు. బండి వేగంగా నడిపితే తిట్టేది, మెల్లగా నడిపితే ఇంకా తిట్టేది. అయినా ఆమె డ్రైవర్‌నని చెప్పుకోవడం నాకు గొప్పగానే ఉండేది.

ఒకసారి దారిలో మా రూమ్ గొడవ చెప్పాను. మేం అయిదుగురం. శుక్రవారం వంట వంతులవారీగా చేసుకుంటాం. కడప నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రీ ఫోన్‌లో అతడి స్నేహితుడి ఫొటో ఏదో మావాళ్ల కంటపడింది. అతడు గే అని తేల్చేశారు. రేపు అతడి వంతు. ఎవరూ ముట్టకూడదని, సాయంత్రం లేబర్ క్యాంప్ బాస్‌కి చెప్పి పంపించేయాలని అనుకున్నారు. ఆ కారణంతో వీసా రద్దయితే అతడు ఊళ్లోనూ తలెత్తుకోలేడు. తెలిసీ నేను తలూపి వచ్చాను.

మేడమ్ తన సంగతి చెప్పింది. పడుచుతనంలో, తన దేశం యుద్ధం చేస్తుంటే వద్దని బోర్డు పట్టుకుని ఇంకొందరు ఆడవాళ్లతో నగరం నడిబొడ్డున నిలబడేదట. జనం దేశద్రోహులని ఉమ్మేవారు, ఆడవాళ్లతో తిరిగే ఆడవాళ్లని అరిచేవారు.

"నేను నిజంగానే అంతే," అంది. "నా పక్కన నిలబడ్డవాళ్లలో చాలామంది కాదు. కానీ 'నేను కాదు' అని ఒక్కతీ అనలేదు."

యుద్ధం అయ్యాక తనలాంటివాళ్ల హక్కుల కోసం ఊరేగింపులు తీసి దెబ్బలు కూడా తిందట. ఆమె గొంతులో ఎంత ధీమా! నాకు సిగ్గేసింది.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రీ కోడికూర గిన్నె తెచ్చి నేల మీద పెట్టాడు. మంచాల మీద అందరూ ఫోన్లలో తలలు దూర్చారు. నేను పళ్లెం తీసుకుని కూర్చున్నాను.

"నా కోసం ఇరుక్కోవాకు అన్నా," అన్నాడు మేస్త్రీ చిన్నగా.

"ముందుగాల కూర వెయ్యి," అన్నాను.

రూమ్‌లో అందరికంటే పెద్దవాడు, నన్ను ఈ దేశం తీసుకొచ్చిన మా ఊరాయన, పై మంచం మీంచి అడిగాడు. "ఏందిరా, నువ్వు గూడ గంతేనా?"

కాదు. ఊళ్లో నాకు పెళ్లాం, ఇద్దరు పిల్లలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

"కూర మంచిగున్నది కాకా. నువ్వు గూడ రా," అన్నాను.

కాకా దిగలేదు. కానీ క్యాంప్ బాస్ దగ్గరికీ పోలేదు. చెబితే తను తీసుకొచ్చిన నా పేరూ చెప్పాల్సి వస్తుంది. మిగిలిన ఇద్దరిలో ఒకడు అన్నం చల్లారకముందే వచ్చి కూర్చున్నాడు. మేస్త్రీ ఇప్పటికీ మా రూమ్‌లోనే ఉన్నాడు.

క్యాంప్‌లో కొన్నాళ్లు నన్నూ ఆ పేరు పెట్టే పిలిచారు. పిలిచినప్పుడల్లా పలికాను.