మీర్ కథ చెప్పిన మధ్యాహ్నం

నేరేడ్‌మెట్‌లో మా పైపోర్షన్‌లో ఇద్దరు కుర్దు విద్యార్థులు అద్దెకుండేవారు. ఇరాక్ నుంచి చదువుకోవడానికి వచ్చారు. ఒకడు పొడగరి, మాటకారి. రెండోవాడు నోరు విప్పేవాడు కాదు; వంట మాత్రం వాడిదే.

ఒక ఆదివారం ఇద్దరినీ భోజనానికి పిలిచాను. పొడగరి తన ఊరిని ఏలిన మీర్, అంటే వాళ్ల దొర, కథ ఎత్తుకున్నాడు. వాడు ఇంగ్లిషులో చెబుతుంటే నేను అమ్మకు తెలుగులో చెప్పాను.

తుర్కీ సుల్తాన్ల కాలం. మీర్‌కు ఒక కన్ను లేదు. గద్దె నిలబెట్టుకోవడానికి సొంత బాబాయిలనే చంపించాడు. కొండల్లో ఫిరంగులు పోతపోయించి చుట్టుపక్కల కోటలన్నీ పట్టుకున్నాడు. దొంగల చేతులు నరికించాడు.

"మరెట్ల కూలిండు బిడ్డా?" అంది అమ్మ.

సుల్తాన్ సైన్యం వచ్చింది. ముస్లింలందరికీ ఖలీఫా అయిన సుల్తాన్ మీద కత్తెత్తడం పాపమని ఓ ముల్లా తీర్పిచ్చాడు. మీర్ మనుషులు జారుకున్నారు. మీర్ లొంగిపోయాడు. ఇస్తాంబుల్‌లో క్షమించామన్నారు, ఇంటికి వెళ్లమన్నారు, దారిలో చంపేశారు.

"నమ్మించి చంపారు ఆంటీ," అన్నాడు పొడగరి.

"నది సంగతి కూడా చెప్పు," అన్నాడు రెండోవాడు, కంచంలోంచి తలెత్తకుండా.

పొడగరి మళ్లీ అన్నం వడ్డించుకున్నాడు. రెండోవాడే చెప్పాడు.

"మేం యజీదీలం, మా మతం వేరు. మీర్ సైన్యం తరిమితే మావాళ్లు మోసుల్ దాకా పరుగెత్తారు. నది పొంగుతోందని పడవల వంతెన ముందే తీసేశారు. అవతల ఊరివాళ్లు మిద్దెలెక్కి చూస్తుండగా మీర్ సైన్యం మావాళ్లను ఒడ్డునే నరికేసింది. మా వంశంలో మిగిలింది ఒక్క ఆడపిల్ల."

"అది యుద్ధం," అన్నాడు పొడగరి.

రెండోవాడు విసిరిన స్టీలు చెంబు పొడగరి నుదుటికి తగిలింది. రక్తం కంట్లోకి కారుతుండగానే లేచి స్నేహితుడి గొంతు పట్టుకున్నాడు. కంచాలు ఎగిరిపడ్డాయి. రెండోవాడు పిడికిలితో మళ్లీ అదే గాయం మీద గుద్దాడు. నేను అరుస్తూ నిలబడిపోయాను. అమ్మ మధ్యలో దూరింది.

"ఏందిరా గిది! నా ఇంట్ల నెత్తుర్లేంది!"

అమ్మ మాట వాళ్లకు అర్థం కాలేదు కానీ చేతులు ఆగాయి. ఆమె కొంగుతో పొడగరి నుదురు నొక్కిపట్టి, రెండోవాడి వైపు తిరిగింది.

"ఆ పిల్ల ఎట్ల బతికింది బిడ్డా?"

నేను ఇంగ్లిషులో అడిగాను.

"చచ్చిన తల్లి కింద పడుకుని," అన్నాడు. అని, గోడకు ఆనుకుని ఏడ్చాడు.

ఆసుపత్రిలో కుట్లు వేస్తూ డాక్టర్ అడిగితే మెట్ల మీద జారానన్నాడు పొడగరి. ఆ వారంలోనే రెండోవాడు అల్వాల్‌లో గది చూసుకున్నాడు. నుదుటికి కట్టుతోనే పొడగరి వాడి సామాన్లు ఆటోలోకి మోశాడు.