తాళం వేసిన గదిలో ‘డీబగ్ ఆల్’

ఈ సంఘటన రాసి మీ పత్రికకు రెండుసార్లు పంపాను. జవాబే లేదు. ఇది మూడోసారి.

రెండేళ్ల క్రితం చెన్నైలో, చూలైలోని ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. బ్రాంచీల కంప్యూటర్లను మా ఆఫీసుతో కలిపే రౌటర్ ఏసీ గదిలో, ఇనుప బీరువాలో ఉండేది. దుమ్ము పడుతుందని మా మేనేజరు, లోపల మనిషి ఉన్నా సరే, రెండింటికీ తాళాలు వేసుకుని భోజనానికి వెళ్లేవాడు.

ఆ రోజు పెరంబూరు బ్రాంచి లైను సరిగా లేదు. అది చూడ్డానికి ఆ గదిలోని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

“డీబగ్ ఆల్ అని కమాండ్ కొట్టి చూడప్పా. రౌటర్‌లో జరిగేదంతా తెర మీదకి వస్తాది,” అన్నాడు మేనేజరు భోజనానికి వెళుతూ.

“అంతా ఒకేసారి అడిగితే తట్టుకుంటుందా సార్?”

“నాకే పాఠమా? కొట్టు!”

కొట్టాను. తెర మీద అక్షరాలు ఆగకుండా పరుగెత్తాయి. ఆపమని ఎంత టైపు చేసినా రౌటర్ వినలేదు. బ్రాంచీలన్నీ ఆగిపోయాయి. ఫోను మోగుతూనే ఉంది. కరెంటు తీద్దామంటే బీరువాకు తాళం. తలుపు బాదాను.

“తాళంచెవి సార్‌తో సాపాటుకి పోయిందన్నా!” అని బయట గుమాస్తా నవ్వాడు.

గంట తర్వాత తలుపు తీసిన మేనేజరు, యజమాని ముందు, “ఎవురప్పా నిన్ను కొట్టమనింది?” అన్నాడు. తప్పు నాదేనని రాసిస్తేనే ఉద్యోగం అన్నారు. రాసిచ్చాను.

పైవాళ్లు చెప్పింది కాగితం మీద రాయించుకోవాలని ఆ రోజే తెలిసింది.

మేనేజరు సార్, మీరూ ఈ పత్రిక చదువుతారు. కొట్టమన్నది మీరా, కాదా? ఈ పేజీలోనే జవాబు రాయండి.