వంపు దగ్గర మోత

రైలు పట్టాల పనివాళ్ళలో అతన్ని అందరూ సమ్మెట అనేవారు. భుజాలు అలా ఉండేవి, మాట కూడా అలాగే పడేది. ఇరవై ఆరేళ్ళుగా అతని ఉద్యోగం నడవడమే. పొద్దున్నే సుత్తీ, పానా, చుట్టిన ఎర్రజెండా భుజాన వేసుకుని స్టేషను చివర నుంచి వంతెన దాకా ఆరు కిలోమీటర్లు వెళ్ళాలి, మళ్ళీ రావాలి. వదులైన బోల్టు బిగించాలి. అనుమానం వచ్చిన చోట పట్టాను సుత్తితో కొట్టి మోత వినాలి. మంచి పట్టా గంటలా మోగుతుంది. లోపల దెబ్బతిన్నది పగిలిన కుండలా పలుకుతుంది. ఆ తేడా కనిపెట్టడంలో తనను మించినవాడు లేడని సమ్మెట నమ్మకం. అది నిజం కూడా.

ఆ విద్య అతను నేర్పింది ఒక్కడికే, చెల్లెలి మొగుడికి. సన్నగా ఉండి, గెంతుతున్నట్టు నడుస్తాడు కాబట్టి అతను పిచ్చుక అయ్యాడు. తొమ్మిదేళ్ళ కిందట పనిలేక తిరుగుతుంటే మేస్త్రీని బతిమాలి ఈ ఉద్యోగంలో పెట్టించింది సమ్మెటే. ఇద్దరి క్వార్టర్లూ పట్టాల పక్కన ఒకే వరసలో ఉండేవి, మధ్యన నడుమెత్తు గోడ.

ఆ చలికాలం సమ్మెటకు దవడ పన్ను నొప్పి పట్టుకుంది. రెండు రోజులు లవంగంతో నెట్టుకొచ్చాడు. రెండోరోజు నడుస్తూ, పట్టాలు మలుపు తిరిగే వంపు దగ్గర అలవాటుగా సుత్తి వేస్తే మోత కాస్త మందంగా అనిపించింది. మళ్ళీ కొట్టాడు. బాగానే ఉన్నట్టుంది. తల సగం సలుపుతుంటే చెవి మాత్రం సరిగ్గా వింటుందా అనుకుని ముందుకు నడిచాడు. సాయంత్రం మొహానికి తువ్వాలు కట్టుకుని గోడ దగ్గర నిలబడి పిచ్చుకను పిలిచాడు.

"రేపు నీకు సెలవేగా. నా నడక నువ్వు నడువు, నేను పన్ను పీకించుకోవాలి. వంపు దగ్గర మోత బాగాలేదు, ఓసారి కొట్టి చూడు."

పిచ్చుక తల ఊపాడు.

మర్నాడు పన్ను డాక్టరు కుర్చీలో సమ్మెట నోరు తెరుచుకుని ఉన్న సమయానికే, వంపు దగ్గర పట్టా జానెడు మేర విరిగి ఉండడం పిచ్చుక చూశాడు. ఎదురుగా వస్తున్న పాసింజరు బండికి ఎర్రజెండా ఊపుతూ అర కిలోమీటరు పరుగెత్తాడు. పట్టా విరిగినచోటికి నలభై అడుగుల దూరంలో బండి ఆగింది. అందులో ఆరువందల మంది ఉన్నారు.

ఆరు నెలలకు రాజముద్ర వేసిన కవరు వచ్చింది. రాజధానిలో జాతీయ దినోత్సవానికి పిచ్చుక ప్రత్యేక అతిథి. తోడుగా ఒకరు రావచ్చు. రానూ పోనూ రైలు టిక్కెట్లు కవరులోనే ఉన్నాయి. సమ్మెట చెల్లెలికి రైలెక్కితే కడుపులో తిప్పుతుంది. పట్టాల పక్కనే కాపురం చేస్తూ రైలు పడని మనిషని వాడంతా నవ్వేవారు.

"నా బదులు నువ్వెళ్ళు అన్నయ్యా," అంది ఆమె. "ఆయనకు కొత్తచోటంటే కంగారు. పక్కన నువ్వుంటే ధైర్యం."

కాదనడానికి సమ్మెటకు కారణం దొరకలేదు. అసలు కారణం పైకి చెప్పుకునేది కాదు. ఆ వంపు తనది. ఆ నడక తనది. తన పన్నుకు నొప్పి రావడమేమిటి, వీడి నెత్తిన పూలవాన కురవడమేమిటి. ఆరు నెలలుగా ఈ మాట అతని కడుపులో కుంపటిలా రాజుకుంటూనే ఉంది.

సోమవారం పండుగ. శని, ఆది కలిసి మూడు రోజుల సెలవు కావడంతో శనివారం పొద్దుటి రైలు కిక్కిరిసిపోయింది. జెండాలు చుట్టిన సంచులు, పిల్లల బుగ్గల మీద రంగులు. రాజధాని చేరేసరికి సాయంత్రమవుతుంది. ఎదురు సీట్లలో ఒక పెద్ద కుటుంబం కూర్చుంది. ఎక్కడికని అడిగారు. పిచ్చుక కవరు తీసి చూపించాడు. అంతే, కథ మొదలయింది.

కథలో చలి ఉంది, పొగమంచు ఉంది, జారిపోయిన చెప్పు ఉంది. ఇంజను డ్రైవరు దిగి వచ్చి కావలించుకోవడం ఉంది. సమ్మెట కిటికీ లోంచి చూస్తున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించాడు. ఇప్పుడొస్తుంది, 'మా బావ ముందే చెప్పాడు' అనే మాట ఇప్పుడొస్తుంది అనుకున్నాడు. రాలేదు. వెనక సీటువాళ్ళు మళ్ళీ చెప్పమన్నారు. పిచ్చుక మళ్ళీ చెప్పాడు. ఈసారి జారిపోయిన చెప్పు గురించి ఇంకాస్త ఎక్కువ వచ్చింది. బావ రాలేదు. టిక్కెట్లు చూసే ఆయనకు మూడోసారి చెప్పాడు. జారిపోయిన చెప్పుకు ఉన్నపాటి విలువ తన మాటకు లేకపోయిందని సమ్మెటకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం ఒక జంక్షనులో ఆ కుటుంబం దిగిపోయింది. పిచ్చుక టీ తేవడానికి దిగాడు. పండిన జుట్టు టీచరమ్మ ఒకావిడ ఎక్కి ఎదురు సీట్లో కూర్చుంది. సీటు మీద విప్పి ఉన్న ఆహ్వానం ఆమె కంటపడింది.

"విరిగిన పట్టా చూసి బండి ఆపింది మీరేనా నాయనా? పేపర్లో చదివాను. మా అమ్మాయి ఆ బండిలోనే రోజూ ఉద్యోగానికి వెళుతుంది."

కాదనడానికే సమ్మెట నోరు తెరిచాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "అవునమ్మా, నేనే."

ఆమె లేచి నిలబడి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది. ముడతలు పడిన ఆ చేతుల వేడి అతనికి మోచేతి దాకా పాకింది. ఆరు నెలలుగా పిచ్చుక అనుభవిస్తున్నది ఇదా అనుకున్నాడు. అది మరీ మంటగా తోచింది.

"టీ తెచ్చాను బావా," అంటూ రెండు గ్లాసులతో పిచ్చుక వచ్చాడు. "మీ బావగారు చాలా గొప్ప పని చేశారయ్యా," అంది టీచరమ్మ.

పిచ్చుక ఒక్క క్షణం సమ్మెట వైపు చూశాడు. "అవునమ్మా," అని ఒక గ్లాసు సమ్మెట చేతికిచ్చి, ఇంకొకటి ఆమెకు ఇచ్చేశాడు. ఆ తర్వాత రాజధాని వచ్చేదాకా కథ ఎత్తలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్న సమ్మెటకు ఆ మంచితనం కూడా ఓర్వలేని సంగతయింది. తిట్టినా బాగుండేది.

అతిథి గృహంలో ఇద్దరికీ ఒకే గది. రెండు ఇనప మంచాలు, కిటికీ అవతల మైదానంలో బ్యాండువాళ్ళు సాధన చేస్తున్న చప్పుడు. పిచ్చుక చొక్కా కొక్కేనికి తగిలిస్తూ మెల్లగా అన్నాడు.

"టీచరమ్మతో అలా ఎందుకన్నావు బావా?"

"నువ్వెందుకు అనలేదు?" సమ్మెట గొంతు లేచింది. "మూడుసార్లు చెప్పావు. ఒక్కసారన్నా నా పేరెత్తావా? వంపు దగ్గర మోత బాగాలేదని ముందు రోజు నీకు చెప్పిందెవరు?"

"ఏ మోత?"

"గోడ దగ్గర నిలబడి చెప్పలేదూ? తల కూడా ఊపావు."

పిచ్చుక మంచం మీద కూలబడ్డాడు. "బావా, నీ దవడ గుమ్మడికాయంత ఉంది. దాని మీద తువ్వాలు. నడక నువ్వు నడువు అన్నది తెలిసింది. ఆ తర్వాత ఒక్క ముక్క అర్థం కాలేదు. పన్ను బాధేదో చెప్పుకుంటున్నావనుకుని తల ఊపాను."

"అబద్ధం."

"నా పెళ్ళాం మీద ఒట్టు. నీ చెల్లెలే కదా."

సమ్మెట కిటికీ వైపు తిరిగాడు. ఆరు నెలలు మోసిన బరువు. అది కాస్తా తువ్వాలులో చిక్కుకుపోయిన గొణుగుడని తేలింది. నిజంగా అంత అనుమానముంటే ఆ రోజే మేస్త్రీకి చెప్పి ఉండాల్సిందని కూడా ఇప్పుడే తోచింది. ఆ ఆలోచన అతనికి నచ్చలేదు.

"పోనీ, ఇక నుంచి కలిపి చెబుతాలే," అన్నాడు పిచ్చుక.

"అక్కర్లేదు," అన్నాడు సమ్మెట.

సోమవారం మైదానంలో కవాతు జరిగింది, విమానాలు వెళ్ళాయి. తర్వాత అతిథులను ఒక్కొక్కరినే మైకులో పిలిచారు. ఒక మంత్రసాని, ఒక పడవవాడు, ఆ తర్వాత పిచ్చుక. అతను లేచి నిలబడి మెడలో పతకం వేయించుకుంటుంటే మైదానం మొత్తం చప్పట్లు కొట్టింది. వెనక వరసలో ఉన్న సమ్మెటకు బావమరిది మెడ మీద నరం కొట్టుకోవడం కనిపించింది. అందరితోపాటు చప్పట్లు కొట్టాడు, అందరికన్నా ముందే ఆపేశాడు.

"మీవాళ్ళా?" అని పక్కావిడ అడిగింది. "చెల్లెలి భర్త" అన్నాడు. "ఎంత అదృష్టమండీ" అందామె. ఎవరిదని అతను అడగలేదు.

తిరుగు రైల్లో కూర్చోవడానికి చోటు లేదు. తలుపు దగ్గర నిలబడిన కుర్రకారు పిచ్చుక మెడలోని పతకం చూసి చుట్టూ చేరారు. పిచ్చుక చలి దగ్గర మొదలుపెట్టాడు. రెండు మాటలు చెప్పాడో లేదో, "ముందురోజే మా బావ అనుమానపడ్డాడు" అన్నాడు. అన్ని కళ్ళూ సమ్మెట మీదికి తిరిగాయి. ఎదురుచూసిన మాట వచ్చింది. వచ్చాక అది భిక్షలా అనిపించింది.

"నేను చెప్పింది ఇతనికి వినపడలేదు," అన్నాడు సమ్మెట. "చూసిందీ ఇతనే, పరుగెత్తిందీ ఇతనే."

మంచితనంతో అన్న మాట కాదు. ఇచ్చిన దాన్ని తీసుకోలేక అన్నది. పిచ్చుక మాత్రం దాన్ని మంచితనమే అనుకుని, కళ్ళు తుడుచుకుని, జారిపోయిన చెప్పు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత సమ్మెట ఇంకో ఐదేళ్ళు పనిచేశాడు. మోత తేడాగా ఉంటే ఆ పూటే మేస్త్రీ గుమ్మం ముందు నిలబడేవాడు. నడక మార్చుకునేటప్పుడు ఎవరికైనా ఏదైనా చెబితే, "ఇప్పుడు నేనేం చెప్పాను, నువ్వు చెప్పు" అని వాళ్ళచేత అప్పజెప్పించుకునేవాడు. ముసలాడికి చాదస్తమని కొత్తవాళ్ళు నవ్వేవారు. నవ్వుతూనే అప్పజెప్పేవారు. అలా రెండుసార్లు పగుళ్ళు విరగకముందే దొరికాయి, పట్టాలు మార్చారు. వాటికి ఎర్రజెండా ఊపే అవసరం రాలేదు. పేపర్లోనూ రాలేదు.

మరి అసూయ పోయిందా అంటే, పోలేదు. చెల్లెలి ఇంట్లో పతకాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టారు. సమ్మెట రోజూ టీకి వెళ్ళేవాడు. ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేవాడు.