ఇంజన్ మీద ముగ్గుపిండి

దయ్యాల మాట ఎవరెత్తినా నేను కసిరి పంపేదాన్ని. కామాఠిపురాలో కూలివాళ్లుండే వరస గదుల చాల్‌లో, ఒక్క గదిలో ఏడుగురం పడుకునేవాళ్లం. బతికున్నవాళ్లకే చోటు లేదు, చచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు అనేదాన్ని. రెండో తరగతితో చదువు ఆగినా, కళ్లతో చూసిందే నమ్మాలని తెలుసు. ఇది కళ్లతో చూసిందే.

ఎనభైల్లో సంగతి. మా ఆయన పోయాక ఆయన నడిపిన పాత టాక్సీ ఒక్కటే మిగిలింది. దినాలకు మావాళ్ల పద్ధతి ప్రకారం నేల మీద పిండి పరిచి, గంప బోర్లించి, పొద్దున తీసి చూశాం. పోయిన మనిషి వచ్చిపోతే గుర్తు పడుతుందంటారు. ఏమీ పడలేదు. నాకేం ఆశ్చర్యం కలగలేదు. ఆ పిండి ఎత్తి ఆవుకు పెట్టాను.

టాక్సీ నా కొడుకు నర్సింలు చేతికొచ్చింది. ఇంజన్ నుంచి ఆయిల్ కారేది. నాగ్‌పాడాలో బండ్లు బాగుచేసే మిస్త్రీ ప్యాకింగులు మార్చాడు, సీళ్లు మార్చాడు, ఆగలేదు. వాడి సంపాదన ఆయిల్‌కే సరిపోయేది. కోడలు పిల్లలకు పాలు మానిపించింది. బండి ఆగితే వాడు వాళ్ల తాతలాగా కూలికి ఇటుకలు మోయాలి. వాడి నడుము అందుకు పనికిరాదు.

చివరికి మిస్త్రీ ఒక ఉపాయం చెప్పాడు. ఇంజన్‌ను కిరసనాయిలుతో కడిగి, ఆరాక పౌడర్ చల్లి నడిపితే, తడి ఎక్కడ మొదలైందో తెల్లదనం మీద కనబడుతుందట. నర్సింలు పౌడర్ డబ్బా కొంటానన్నాడు.

“మొఖానికే పౌడర్ లేదు, ఇంజన్‌కు పూస్తవా?” అని ముగ్గుపిండి జల్లించి ఇచ్చాను.

పట్టపగలే చల్లి, నడిపి చూశాం. కింద చుక్కలు పడుతున్నాయి. పైన పిండి మాత్రం ఎక్కడా తడవలేదు. నర్సింలు ఇంజన్ ఆపి, బానెట్ మూసి, మిస్త్రీని పిలవడానికి వెళ్లాడు. నేను బండి ముందే పీట వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. ఎవరూ దగ్గరికి రాలేదు.

వాళ్లొచ్చి బానెట్ ఎత్తారు. ఇంజన్ పక్కభాగాన, పిండిలో నాలుగు వేళ్లు అద్దినట్టు ఉన్నాయి. మధ్యవేలు సగమే ఉంది.

మా ఆయన మధ్యవేలు ఆ ఇంజన్ ఫ్యాన్‌లోనే తెగింది.

మిస్త్రీ తన చెయ్యి చూసుకున్నాడు. నర్సింలు చూసుకున్నాడు. నేనూ చూసుకున్నాను. అందరివీ నిండు వేళ్లే.

“అమ్మా, కారే జాగ బాపు దొరకబట్టిండే,” అన్నాడు నర్సింలు. ఎన్నో నెలల తర్వాత వాడు నవ్వడం చూశాను.

మిస్త్రీ ఆ వేళ్ల గుర్తుల దగ్గర తుడిచి, టార్చి వేశాడు. ఇంజన్ బ్లాక్‌కే వెంట్రుకంత పగులు. అతుకు నిలవదని, ఇంజనే మార్చాలని, అంతకన్నా తుక్కుకు అమ్ముకోవడం మేలని హిందీలో చెప్పాడు. నర్సింలు ముఖం మీద నవ్వు ఇంకా అట్లాగే ఉంది, తీసేయడం మర్చిపోయినట్టు.

బండి తుక్కుకు పోయింది. నర్సింలు వర్లిలో ఇటుకలు మోశాడు. ఏడాది తిరగకముందే నడుము పడిపోయింది. మళ్లీ లేవలేదు.

ఆ గుర్తు ఎలా పడిందో ఈనాటికీ చెప్పలేను. గంప కింద పిండిలోకి రాని మనిషి ఇంజన్ మీదికి ఎందుకొచ్చాడో తెలియదు. అంత దూరం వచ్చినవాడివి, పగులు చూపించి పోయే బదులు దాన్ని మూసి పోకూడదా అని అడుగుతుంటాను. నమ్మనిదాన్నే, అడగడం మాత్రం మానలేకపోతున్నాను.