మేనేజరు తల్లి ఉపవాసం

మా ఆవిడ నా రహస్యాన్ని దేవుడికి చెప్పింది. అందులో తప్పేమీ లేదు. కాకపోతే చెప్పేటప్పుడు గది నిండా ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఒకావిడ మా ప్లాంటు మేనేజరు తల్లి.

ఇంద్రేశంలో మేం కిరాయికి ఉంటున్న వీధిలో శుక్రవారం శుక్రవారం ఎవరో ఒకరింట్లో కూడిక జరుగుతుంది. ప్రార్థన విన్నపాలు అక్కడే చెప్పుకుంటారు. పాస్టరమ్మ పెట్టిన నియమం ఒకటుంది: దేవుణ్ణి గుండుగుత్తగా అడగకూడదు, వివరంగా అడగాలి. మా ఆవిడ నియమం తప్పే మనిషి కాదు. పటాన్‌చెరులోని మందుల ఫ్యాక్టరీ నేను మానెయ్యాలనుకుంటున్నాననీ, జోగిపేటలో ఓ ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ పోస్టు ఉందనీ, బుధవారం వెళ్లి పాఠం చెప్పి చూపించి వచ్చాననీ, ఆ రోజు ఫ్యాక్టరీలో కడుపునొప్పి అని చెప్పాననీ, అన్నీ విన్నవించింది. పేరుకు కూడికే గానీ, నా లెక్కలో అది తీసివేత.

"కడుపునొప్పి ముచ్చట గూడ చెప్పినవా?" అన్నాను.

"దేవునికి అబద్ధం చెప్తరా?"

"దేవునికి కాదు, ఆ ముసలమ్మకు!"

"ఆమెనే అందరికంటె గట్టిగ ఆమెన్ అన్నది," అంది మా ఆవిడ సంతోషంగా.

నా భయం ఊరికే కాదు. మా దగ్గర ఒక సీనియర్ బయట ఉద్యోగం వెతుకుతున్నాడని పైవాళ్లకు తెలిసింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర అతని కార్డు పని చెయ్యలేదు. టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని బయటే నిలబడిన ఆ మనిషి ముఖం నేను కంపెనీ బస్సు కిటికీలోంచి చూశాను.

నా హోదా షిఫ్ట్ ఇన్‌చార్జి. చార్జి ఎప్పుడో దిగిపోయింది. 'ఇన్' ఒక్కటే మిగిలింది, అంటే పొద్దున్నే లోపలికి పోవడం. నిద్రపోతే తీరే అలసట కాదది. సెలవు రోజున కూడా ఎక్కడో హారన్ వినపడితే కంపెనీ బస్సేమోనని లేచి చెప్పులు వెతుక్కునేవాణ్ణి. రియాక్టరులో ఒత్తిడి పెరిగితే వదిలెయ్యడానికి రిలీఫ్ వాల్వు ఉంటుంది. నాకు రిలీవింగ్ లెటర్ అడిగే ధైర్యమైనా లేదు.

బయటపడాలని అనుకున్నది మాత్రం ఒక వాల్వు వల్లే. రియాక్టరంటే రసాయనాలు ఉడికే పెద్ద ఉక్కు పాత్ర. ఆవిరి ఆపి, చల్లార్చి, అప్పుడు రెండో మందు పొయ్యాలి. ఒక పొద్దున ఆవిరి వాల్వు చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. మూయడానికి వచ్చానా, మూసేశానా? గుర్తు రాలేదు. వెతికితే బుర్రలో ఆవిరి తప్ప ఏమీ లేదు. చల్లారకముందే రెండో మందు పోస్తే ఏమవుతుందో మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పేలుడు సైరన్ మోగితే ఆడవాళ్లు గేటు దాకా పరుగెత్తుకొచ్చే చోటు ఇది. ఆ రోజు వాల్వు మూసే ఉంది. నేనే మూశానో, ఎవరు మూశారో తెలియదు.

కూడిక తర్వాత వారమంతా మేనేజరు గారి ముఖం చదవడమే నా పనైంది. ఆయన గుడ్ మార్నింగ్ అంటే అందులో గుడ్ ఉందా లేదా అని చూసేవాణ్ణి. గేటు దగ్గర కార్డు ఆనించిన ప్రతిసారీ టిఫిన్ డబ్బా గట్టిగా పట్టుకునేవాణ్ణి. క్యాంటీన్‌లో ఒకరోజు ఆయన నా పక్కనే ఆగి, "కడుపు ఎట్లున్నది?" అన్నారు. ఆ క్షణం నుంచి నిజంగానే నొప్పి మొదలైంది.

చివరికి క్యాబిన్‌కు పిలిచారు.

"మా అమ్మ నీకోసం ఉపాసం ఉంటున్నది, తెల్సా?"

నన్ను కూర్చోమనకుండానే మళ్లీ అందుకున్నారు.

"పగలంత ముద్ద ముడ్తలేదు. షుగరున్న మనిషి. నిన్న కండ్లు తిరిగి కూలవడ్డది. ఎవరి కోసమే అంటే, మీ కంపెనీ పిలగాడే, బయట నౌకరి దొరకాలె అంటది. నా ఇంట్ల కూసోని, నా మనిషిని నా ప్లాంటులకెళ్లి గుంజుకపొమ్మని దేవుని అడుగుతున్నది!"

"సార్, నేను..."

"నువ్వు ఉంటవో పోతవో తర్వాత. ముందుగాల పోయి ఆమెను తినమను. హెచ్ఆర్‌కు నేనింక చెప్పలే."

ఆ 'ఇంక' నా వెంటే ఇంటిదాకా వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ ఇంటికి వెళ్లాను. వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది.

"అమ్మా, మీరు తినాలె. సార్ పరేషాన్ అయితున్నడు."

"కాలేజోళ్లు పిలిచిన్రా?"

"లేదమ్మా."

"మరెట్ల తింట బిడ్డా? నువ్వు ఆ కంపెనీలకెళ్లి బయటవడే దాంక పగలు ముట్టనని మాటిచ్చిన గద."

"మీకేమన్న అయితే నా నౌకరి పోతదమ్మా."

"ఓహో, భయం నౌకరి కోసమా? నాకోసం అనుకున్న!" అని పళ్లు లేని నోటితో నవ్వింది. తర్వాత ఇంట్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మావోడు పనికెళ్లి వచ్చి ఇంటి గేటు ముంగట కారు ఆపి దిగడు బిడ్డా. స్టీరింగు వట్టుకోని గట్లనే కూసుంటడు. నేను కిటికీలకెళ్లి సూస్త. ఆని పేరు జెప్పి కూడికల అడిగితే ఆని ఇజ్జత్ పోతది. గందుకే నీ పేరు మీద అడుగుతున్న. ఒక్క ఉపాసంల ఇద్దరు."

దీంతో నా భయం తగ్గాలి. పెరిగింది. ఎవరి పట్టు చూసి నేను భయపడుతున్నానో, ఆయన కూడా నాలాగే ఒక చక్రం పట్టుకుని కూర్చుంటున్నాడన్నమాట.

తర్వాతి వారం, పొద్దుటి షిఫ్టు. మళ్లీ అదే వాల్వు, అదే చక్రం, బుర్రలో అదే ఖాళీ. పక్కన ఒడిశా నుంచి వచ్చిన ఆపరేటర్ రెండో మందు పీపా మూత తీసి నా సైగ కోసం చూస్తున్నాడు. మూసి ఉందా అని అడిగాను.

"బంద్ హై సాబ్. అభీ ఆప్ హీ బంద్ కియే," అని నవ్వాడు, పరీక్ష పెడుతున్నాననుకుని.

ఇప్పుడే నేనే మూశానట. అతని ప్రాణం నా జ్ఞాపకం మీద ఆధారపడి ఉంది. నా జ్ఞాపకానికేమో ఆధారమే లేదు. పీపా మూత పెట్టించి, పక్క బ్లాకు ఇన్‌చార్జిని పిలిచి అక్కడ నిలబెట్టి, క్యాబిన్‌కు నడిచాను.

"సార్, నేను మానేస్తున్న."

"కాలేజీల వచ్చిందా?"

"ఇంక రాలే."

"మరి?"

"వాల్వు మూసిన్నో లేదో యాదికుంటలేదు సార్."

తిడతారనుకున్నాను. ఏ వాల్వు అని కూడా అడగలేదు. నా చేతుల వైపు చూసి, "రిజైన్ చేస్తున్నవ్, మరి రీజన్ ఏం రాస్తవ్? కడుపునొప్పేనా?" అన్నారు. తర్వాత ఫోను తీశారు. "అమ్మా, ఆయన మానేసిండు. ఇగ తిను."

అవతలి గొంతు నాకూ వినపడింది. "మరి నువ్వు?"

ఆయన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టారు.

నోటీసు కాలమంతా నన్ను రియాక్టర్ల దగ్గరికి పంపలేదు, ఆఫీసు గదిలోనే ఉంచారు. అది ఆయన చేసిన మేలు. జోగిపేట నుంచి ఫోను మాత్రం రాలేదు. మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. శుక్రవారం కూడికకు బయల్దేరుతూ మా ఆవిడ గుమ్మంలో ఆగింది.

"ఈసారి ఏమని అడగాలె? నౌకరి గురించేనా?"

"అడుగు. దాంతోపాటు ఒకాయన కారు దిగి ఇంట్లకు రావాలని గూడ అడుగు."

"ఎవరాయన? వివరంగ చెప్పాలె గద!"

"వద్దు," అన్నాను. "ఈ ఒక్కటి వివరం లేకుండ అడుగు."